మొదటి విదేశీ ప్రయాణం చైనాకే: రెండు నెలల్లో మాండరిన్ ఎంత నేర్చుకోవచ్చు, ఎక్కడ మొదలుపెట్టాలి?

కాశీబుగ్గ_కోడలు
ఏప్రిల్‌లో గ్వాంగ్‌జౌ వెళ్తున్నాం, కాంటన్ ఫెయిర్ అనే పెద్ద వాణిజ్య ప్రదర్శనకి. మెషినరీ ఉండేది మొదటి విడతలోనే కాబట్టి 15వ తేదీకల్లా అక్కడ ఉండాలి. మాది పలాసలో జీడిపప్పు యూనిట్. పిక్క ఉడకబెట్టడం, కటింగ్, బోర్మా (పప్పు ఆరబెట్టే వేడి గది), పీలింగ్ దాకా పని సాఫీగానే సాగుతుంది. గ్రేడింగ్ దగ్గరే ఆగిపోతోంది. గుండు వేరు, బద్ద వేరు, మళ్లీ అందులో మచ్చ ఉన్నవి వేరు చేసేసరికి పొద్దు పోతోంది. అందుకే రంగు చూసి పప్పును వేరు చేసే మెషిన్, కలర్ సార్టర్ అంటారు, కొందామని. హెఫెయ్ అనే ఊరిలో ఇద్దరు సప్లయర్లతో మెయిల్‌లో మాట్లాడుతున్నాం. ఫెయిర్ అయ్యాక వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లి మన పప్పు వేసి చూడాలి.

మా ఆయన యూనిట్ వదిలి రాలేరు. నేనూ మా మరిదీ వెళ్తున్నాం. ఇద్దరి పాస్‌పోర్టులూ మొన్ననే వచ్చాయి.

మాండరిన్ (చైనా అధికార భాష) కోసం ఒక యాప్ పెట్టుకున్నాను. అబ్బాయి పాలు తాగుతున్నాడు, మా పిల్లి తెల్లగా ఉంది, ఇవే నేర్పుతోంది. మామయ్యగారేమో క్యాలిక్యులేటర్ చూపిస్తే చాలు అంటున్నారు. లక్షలు పోసి మెషిన్ కొంటూ, ఎదుటివాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో ఒక్క ముక్క తెలియకుండా కూర్చోవడం నాకు ఇష్టం లేదు. పిల్లలు పడుకున్నాక రోజూ ఒక గంట కూర్చోగలను. ఏది నేర్చుకోవాలి, ఏది వదిలేయాలి? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రాజాం_రైడర్
అనవసరంగా టెన్షన్ పడుతున్నారు. ఫోన్‌లో అనువాదం యాప్ ఉంటే మీరు మాట్లాడింది అదే చైనీస్‌లో చెప్తుంది. రెండు నెలల్లో చైనీస్ ఎవరికొచ్చింది? ఆ గంటేదో మెషిన్ గురించి చదువుకోండి.

గంటస్తంభం_సెంటర్
@రాజాం_రైడర్ గుణుపురం వెళ్లి ఫోన్ ఛార్జింగ్ అయిపోతే భోజనం అడగడానికి కూడా ఒడియా రాలేదని ఈ గ్రూపులోనే రాశారు కదండీ. అది మనకు పక్క ఊరు!

టెక్కలి_బండ
రైడర్ చెప్పింది సగమే నిజం. మాది గ్రానైట్. టెక్కలి నీలి రాయి బ్లాకులు చైనా వెళ్తాయని మన జిల్లాలో అందరికీ తెలుసు. వాళ్ల మనుషులు క్వారీకి వచ్చినప్పుడు బ్లాకు మీద బకెట్లతో నీళ్లు కొట్టిస్తారు. తరువాత ఎండకు రాయి ఆరుతూ ఉంటే చుట్టూ తిరిగి చూస్తారు. పగులు ఉన్నచోట నీరు లోపలికి దిగి ఉంటుంది కదా, రాయంతా ఆరిపోయినా అక్కడ సన్నటి గీత తడిగా మిగులుతుంది. అది కనబడగానే మనతో ఏమీ అనరు. వాళ్లలో వాళ్లు మెల్లగా 'యౌ ల్యెవన్' అనుకుంటారు, పగులుంది అని. ఆ తరువాత మన దగ్గరకొచ్చి రేటు మొదలుపెడతారు. ఆ ఒక్క మాట పట్టుకున్న దగ్గర్నుంచీ వాళ్లు నోరు తెరవకముందే నేను టేపు పట్టుకుని ఆ గీత దగ్గరకే వెళ్తున్నాను. పగులు వదిలేసి కొలత చూపిస్తే బేరం అక్కడే తెగిపోతుంది.

యాప్ మీతో అన్నది చెప్తుంది. వాళ్లలో వాళ్లు అనుకున్నది చెప్పదు.

కాబట్టి అమ్మా, పిల్లీ పాలూ పక్కన పెట్టేయండి. ముందు అంకెలు. తరువాత మీ వ్యాపారం మాటలు. జీడిపప్పుని యావ్‌క్వొ అంటారు, కలర్ సార్టర్‌ని స-శ్వెన్-చి, మామూలుగా మెషిన్‌ని చీఛి. 'వొమన్ చ్వొ యావ్‌క్వొ', మేం జీడిపప్పు పని చేస్తాం. ఈ ఒక్క వాక్యం గడగడా అనగలిగితే స్టాల్‌లో మిమ్మల్ని చూసే చూపే మారుతుంది. చూసి పోయేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు అని వాళ్లకు తెలుసు.

కవిటి_కెరటం
నేను షిప్‌లో పని చేస్తాను. నింగ్‌బో, చింగ్‌దావ్ రేవుల్లో దిగుతూ ఉంటాం. బండ గారు చెప్పిన అంకెలకు తోడు ఇంకొకటి నేర్చుకోండి, చేతి అంకెలు. అక్కడ 6 నుంచి 10 దాకా ఒంటిచేత్తోనే చూపిస్తారు. బొటనవేలు, చిటికెనవేలు చాపితే 6. బొటనవేలు, చూపుడువేలు చాపితే 8. మనకు అది తుపాకీ బొమ్మ, వాళ్లకు ఎనిమిది. చూపుడువేలు కొక్కెంలా వంచితే 9. ఐదువేళ్ల కొనలు కలిపితే 7. పదికి ఒక్కో ఊళ్లో ఒక్కో గుర్తు. మార్కెట్ గోలలో చెవికి అందకపోయినా కంటికి అందుతుంది.

ఇంకోటి, హోటల్ పేరూ అడ్రసూ చైనీస్ అక్షరాల్లో ప్రింట్ తీయించి ఇద్దరూ చెరొకటి జేబులో పెట్టుకోండి. టాక్సీ డ్రైవర్‌కి ఇంగ్లీషులో రాసింది చూపిస్తే ప్రయోజనం లేదు.

కాశీబుగ్గ_కోడలు
అంకెలు ఈ రాత్రే మొదలుపెట్టాను. యీ, అర్, సాన్ వరకు బాగానే ఉంది. కానీ టోన్లు, అంటే గొంతు ఎత్తు దించుల్ని బట్టి మాట అర్థం మారడం, అన్నచోట తల తిరుగుతోంది. మా అంటే అమ్మ, మా అంటే జనుము, మా అంటే గుర్రం, మా అంటే తిట్టడం అట. వింటే నాకు నాలుగూ ఒకటే. టోన్లు వదిలేసి మాటలు మాత్రం నేర్చుకుంటే పనవదా?

తోటపల్లి_గుంటడు
అవుతుంది అక్కా. నేను చైనా సీరియళ్లు చూసి నేర్చుకున్నాను, టోన్లు పట్టించుకోలేదు. సందర్భాన్ని బట్టి వాళ్లే అర్థం చేసుకుంటారు.

తెల్లకోటు
సీరియల్ చూడటానికి టోన్లు అక్కర్లేదు తమ్ముడూ, మాట్లాడటానికి కావాలి. నేను ఎంబీబీఎస్ అక్కడే చదివాను. కొనడం మాయ్, అమ్మడం కూడా మాయ్, తేడా టోన్ ఒక్కటే. ఆవిడ వెళ్లేదే కొనడానికి. 'దయచేసి అడగొచ్చా' అనే ఛింగ్‌వన్‌లో రెండో ముక్క 'వన్'ని కిందికి కొట్టకుండా మూడో టోన్‌లో అంటే ముద్దు పెట్టమన్నట్టు అవుతుంది. క్లాసులో మా మేడం ముందుగా ఈ జాగ్రత్తే చెప్పేవారు.

గంటస్తంభం_సెంటర్
అయితే మరిదిగారికి ఆ మాట అస్సలు నేర్పకండి. నేరుగా దారి అడిగేయమనండి!

బొబ్బిలి_తంతి
టోన్లు తల తిరిగే విషయం కాదమ్మా, మనం రోజూ చేసేవే. నేను పిల్లలకు సంగీతం చెప్తాను కాబట్టి నాకు అర్థమైన పద్ధతిలో చెప్తాను.

మొదటిది, గొంతు పైన పెట్టి కదల్చకుండా ఉంచాలి, తంబూరా శ్రుతి పట్టినట్టు. రెండోది, ఎవరో చెప్పింది నమ్మలేక 'ఆఁ?' అంటాం చూడండి, అలా కింది నుంచి పైకి. మూడోది గొంతు అడుగుకు దించి అక్కడే ఉంచాలి. పుస్తకంలో దిగి మళ్లీ లేచినట్టు గీస్తారు గానీ, అది ఆ మాట ఒంటరిగా ఉన్నప్పుడే. వాక్యం మధ్యలో వస్తే అడుగునే ఉండిపోతుంది. నాలుగోది, విసుగొచ్చి 'పో!' అంటామే, అలా పైనుంచి కిందికి ఒక్క దెబ్బ. ఇవి కాక బరువు లేకుండా తేలిగ్గా అనేది ఇంకొకటి ఉంది, వాక్యం చివర వచ్చే మాటలకు.

మూడో టోన్ మాటలు రెండు పక్కపక్కన వస్తే వాటిలో ముందున్నది రెండో టోన్‌గా మారుతుంది. ని హావ్ అందుకే పైకి లేచి కిందికి దిగుతుంది.

విడివిడిగా సాధన చేయకండి. జంటలుగా చేయండి. ఒకటి-నాలుగు, నాలుగు-రెండు, ఇలా. సరళీ స్వరాలు వచ్చినంత మాత్రాన కీర్తన రాదు కదా. అలాగే టోన్ ఒంటరిగా వచ్చినా వాక్యంలో పెట్టేసరికి జారిపోతుంది. ముందు పాడినట్టు గట్టిగా అనండి, సిగ్గుపడకండి. ఇంట్లో నవ్వితే నవ్వనివ్వండి.

సాలిహుండం
తంతి గారు చెప్పింది బాగుంది. నాకొకటి గుర్తొచ్చింది. ఏడో శతాబ్దంలో హుయాన్‌త్సాంగ్ అటు నుంచి ఇటు వచ్చాడు, మన కళింగం గురించీ, ఆంధ్రదేశం గురించీ రాసి పెట్టాడు. నలందలో ఏళ్ల తరబడి కూర్చుని సంస్కృతం చదివాడు, వెంట తీసుకెళ్లిన గ్రంథాలను తరువాత చైనీస్‌లోకి మార్చాడు. ఆయన ఫోన్ లేకుండా వచ్చాడు. కాశీబుగ్గ నుంచి మనవాళ్లు అటు వెళ్తూ నాలుగు మాటలు నేర్చుకుంటామంటే సంతోషంగా ఉంది.

గంటస్తంభం_సెంటర్
మా విజయనగరంలో సంగీత కళాశాల మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు ఇక్కడ కూర్చునే పారశీకం నేర్చుకున్నారు. రెండు నెలల్లో ఎవరికొచ్చింది అని అడగకుండా మొదలుపెడితేనే వస్తుంది.

రాజాం_రైడర్
మీరిద్దరూ మహానుభావులను తీసుకొచ్చి నన్ను కూర్చోబెట్టేశారు. నేనన్నది ఆవిడ పని గురించి. ఫ్యాక్టరీలో వోల్టేజీ, గాలి ప్రెషర్, గంటకు ఎన్ని కిలోలు, వారంటీ, ఇవన్నీ రెండు నెలల చైనీస్‌తో మాట్లాడగలరా? దుబాసీని పెట్టుకోవాలి. కాంటన్ ఫెయిర్‌లో రోజు కూలీకి దొరుకుతారు.

టెక్కలి_బండ
ఇది మాత్రం సరైన మాట. ఫ్యాక్టరీకి తప్పకుండా పెట్టుకోండి. అయితే సప్లయర్ ఇచ్చిన మనిషిని కాదు, మీరు డబ్బు ఇచ్చి తెచ్చుకున్న మనిషిని. సప్లయర్ జీతం తీసుకునేవాడు మీ తరఫున గట్టిగా అడగడు. మీకు నాలుగు మాటలు వచ్చని తెలిస్తే దుబాసీ కూడా సగం మింగేయకుండా చెప్తాడు. అతను రెండు నిమిషాలు మాట్లాడి మీకు 'ఓకే అంటున్నారు' అని ఒక్క ముక్క చెప్తే, మధ్యలో ఏ అంకె వినబడిందో అది అడగండి.

రైడర్ వోల్టేజీ అన్నాడు కాబట్టి, అక్కడ త్రీ ఫేజ్ 380 వోల్టులు, మన దగ్గర 415 అంటాం. మెషిన్ ఏ వోల్టేజీకి కట్టారో కాగితం మీద రాయించుకోండి.

కాశీబుగ్గ_కోడలు
దుబాసీ విషయం ఖాయం. అంకెలు ఒకటి నుంచి వంద వరకు వచ్చేశాయి, ఇది చాలా తేలిక. పదకొండు అంటే పది-ఒకటి, ఇరవై అంటే రెండు-పది. మన పిల్లలకు కూడా నేర్పేశాను. కానీ వేలూ లక్షలూ దగ్గర ఆగాను.

తెల్లకోటు
అక్కా, అక్కడే జాగ్రత్త. వాళ్లకు లక్ష లేదు, మిలియన్ లేదు. పదివేలకు వాన్ అనే మాట ఉంది. అన్నీ వాన్‌లలోనే లెక్క. షర్ వాన్ అంటే పది పదివేలు, అంటే మన లక్ష. అర్‌షర్ వాన్ అంటే రెండు లక్షలు. మెషిన్ ధర మాట్లాడేటప్పుడు మీకు వినబడేది ఇదే. వాన్ ముందున్న అంకెను పదితో భాగిస్తే లక్షలు వస్తాయి. ఇంగ్లీషు ద్వారా వెళ్లకండి, మన లక్షల్లోంచి నేరుగా వెళ్తే తేలిక.

ఇంకోటి, 4 స్స, 10 షర్. గ్వాంగ్‌జౌ వైపు చాలామంది 'ష'ని 'స'లా పలుకుతారు. అప్పుడు 14, 40 చెవికి దాదాపు ఒకేలా వస్తాయి. నాలుగు కిందికి కొడుతుంది, పది పైకి లేస్తుంది. చెవి పట్టుకోవాల్సింది ఆ కదలికని. అనుమానం వస్తే క్యాలిక్యులేటర్ తీయండి. మీ మామయ్యగారి మాట కూడా నిలబడుతుంది.

కవిటి_కెరటం
ఫోన్ నంబరు, గది నంబరు చెప్పేటప్పుడు ఒకటిని యీ అనరు, యావ్ అంటారు. గది 201 అంటే అర్ లింగ్ యావ్. రిసెప్షన్‌లో ఇది వినబడితే కంగారు పడొద్దు.

రెండు అని లెక్కపెట్టేటప్పుడు అర్, రెండు వస్తువులు అన్నప్పుడు ల్యాంగ్. రెండు మెషిన్లు అంటే ల్యాంగ్ థాయ్ చీఛి.

సోంపేట_సింగపూర్
డిస్కౌంట్ గురించి ఎవరూ చెప్పలేదు. 'తా పా చ' అని 8 అంకె వేసి బోర్డు ఉంటే ఎనభై శాతం తగ్గింపు అనుకుని మావాళ్లు ఎగబడతారు. ఎనభై శాతం ధర కట్టాలని అర్థం, తగ్గేది ఇరవయ్యే. సింగపూర్‌లోనూ చైనీస్ షాపుల్లో ఇదే లెక్క.

కాశీబుగ్గ_కోడలు
ఇది ఏ యాప్ చెప్పదు, ధన్యవాదాలు. ఇంకో సందేహం. పింయిన్ అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది చదువుతుంటే నా పలుకు, రికార్డింగ్‌లో పలుకు కలవడం లేదు. బి అని రాసి 'ప' అంటున్నారు, క్యూ అని రాసి 'ఛ' అంటున్నారు. తెలుగులో రాసుకుంటే తప్పా?

తోటపల్లి_గుంటడు
తెలుగులో రాసుకుంటే పలుకు పాడవుతుంది అంటారు అక్కా. నెట్‌లో అందరూ పింయిన్‌లోనే నేర్చుకోమంటారు.

తెల్లకోటు
పింయిన్ రావాలి, నిజమే. 1958 నుంచి అదే అధికారిక పద్ధతి, ఫోన్‌లో టైప్ చేయడానికి కూడా అదే. కానీ ఆ అక్షరాలను ఇంగ్లీషులా చదవడం వల్లే పలుకు పాడవుతుంది. తెలుగువాళ్లకు ఇందులో పెద్ద లాభం ఉంది, వాడుకోండి.

వాళ్ల భాషలో మన బ, ద, గ లేవు. బి, డి, జి అని రాసింది మన ప, త, క. పి, టి, కె అని రాసింది మన ప్హ, థ, ఖ, గాలి బయటకు తోసి అనేవి. నోటి ముందు చిన్న కాగితం పెట్టుకుని అనండి. ప దగ్గర కాగితం కదలకూడదు, ప్హ దగ్గర ఎగరాలి. ఇంగ్లీషువాళ్లు ఈ తేడా పట్టుకోవడానికి తంటాలు పడతారు, మనకు బడిలో ఒత్తులు రాయించారు.

జె అని రాసింది మన చ, క్యూ అని రాసింది ఛ, ఎక్స్ అని రాసింది శంకరుడి శ. ఎస్‌హెచ్ అని రాసింది షట్కోణం ష. శ, ష మనం మాటల్లో కలిపేస్తాం గానీ వాళ్లు కలపరు. జెడ్ అని రాసింది చలి, చాపలో వచ్చే చ. ఇది చాలా భాషలవాళ్లకు లేదు, మన ఇంట్లో పుట్టుకతో ఉంది. సి అంటే ఆ చలి చ-కే గాలి తోడు చేయాలి. జెడ్‌హెచ్, సిహెచ్ మాత్రం మనకు లేవు, నాలుకను ట దగ్గరకు మడిచి చ, ఛ అనాలి. వీటికి రికార్డింగే దిక్కు.

తమ్ముడి భయం టోన్ గురించి అయితే, ప్రతి ముక్క పక్కన టోన్ అంకె వేసుకోండి. మాయ్3 కొను, మాయ్4 అమ్ము. అంకె లేకుండా తెలుగులో రాస్తే మాత్రం అది పనికిరాదు, తమ్ముడి మాటే నిజమవుతుంది.

బొబ్బిలి_తంతి
ఎంత చక్కగా చెప్పావమ్మా. చలిలో చ గురించి నేనెప్పుడూ ఇలా ఆలోచించలేదు.

తోటపల్లి_గుంటడు
కాగితం పెట్టుకుని చూశాను. నా టి అన్నీ త లే వస్తున్నాయి. సరే డాక్టరమ్మా, అంకెలతో రాసుకుంటాను.

ఆమదాలవలస_జంక్షన్
భాష సంగతి పెద్దలు చూసుకుంటున్నారు, నేను ప్రయాణం సంగతి చెప్తాను. టికెట్ల పనిలో ఉన్నాను.

2020లో ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు 2025 అక్టోబరు చివర్లో మళ్లీ మొదలయ్యాయి. కోల్‌కతా నుంచి గ్వాంగ్‌జౌకి నేరుగా ఉంది. పలాసలో రైలెక్కితే హౌరా ఒక రాత్రి. ఢిల్లీ వరకు తిరగనక్కర్లేదు. వ్యాపారం పని కాబట్టి ఎం వీసా. దానికి అటు నుంచి ఆహ్వాన పత్రం రావాలి, సప్లయర్లను ఇప్పుడే అడగండి.

అక్కడ మెసేజ్‌లకూ చెల్లింపులకూ వాడే యాప్ వీచాట్, మన దేశంలో 2020 జూన్ నుంచి నిషేధం. ఇక్కడ దొంగదారుల్లో పెట్టుకోవద్దు. దిగాక సప్లయర్ మనిషి సాయంతో చూసుకోండి. అక్కడ కూరగాయల బండి దగ్గర కూడా ఫోన్‌తోనే చెల్లింపు. నోట్లు చెల్లుతాయి గానీ చిల్లర ఉండదు. కాబట్టి చిన్న నోట్ల యువాన్లు లైసెన్సు ఉన్న డీలర్ దగ్గరే మార్పించుకుని వెళ్లండి.

గూగుల్, వాట్సాప్, యూట్యూబ్ అక్కడ మామూలు నెట్‌లో రావు. మన సిమ్‌కి రోమింగ్ వేయించుకుంటే డేటా మన ఆపరేటర్ ద్వారానే పోతుంది కాబట్టి వాట్సాప్ పనిచేస్తుంది. హోటల్ వైఫైకి మారితే ఆగిపోతుంది. అనువాదం యాప్‌లో చైనీస్ ప్యాక్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి. సమయం మనకంటే రెండున్నర గంటలు ముందు.

రాజాం_రైడర్
చూశారా, యాప్ కావాల్సిందే అని జంక్షన్ కూడా అన్నాడు.

టెక్కలి_బండ
కావాలి. చేతికర్ర కావాలన్నంత మాత్రాన కాళ్లు తీసేయం కదా.

కాశీబుగ్గ_కోడలు
నాకు తిండి దగ్గర భయం ఎక్కువ. శనివారం నీచు ముట్టం. మిగతా రోజుల్లో కోడి, చేప, గుడ్డు తింటాం. పెద్ద మాంసం, పంది వద్దు. ఎలా చెప్పాలి?

తెల్లకోటు
'వొ ఛర్ సు', నేను శాకాహారం తింటాను. ఛర్ నాలుక మడిచి, మొదటి టోన్. సు నాలుగో టోన్, కొట్టి చెప్పాలి. అయినా మాంసం ముక్కలు ఏరేసి పెడితే సరిపోతుందనుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి 'పుయావ్ రౌ' అని కూడా అనండి, మాంసం వద్దు. పంది చూరౌ, ఎద్దు న్యౌరౌ, కోడి చీరౌ. ఏమీ చెప్పకుండా రౌ అంటే చాలాచోట్ల పందే అని అర్థం. ఇది గుర్తుంచుకోండి. గుడ్డు వేసిన ఫ్రైడ్ రైస్ తాన్ ఛావ్‌ఫాన్, ఎక్కడైనా దొరుకుతుంది. బౌద్ధ గుళ్ల దగ్గర పూర్తి శాకాహార హోటళ్లు ఉంటాయి, శనివారం అటు వెళ్లండి.

నీళ్లు అడిగితే వేడినీళ్లే తెస్తారు. అది మర్యాద.

కవిటి_కెరటం
ఆవకాయ, మన కరప్పొడి తీసుకెళ్లండి. భాషతో పని లేదు.

సోంపేట_సింగపూర్
అన్నంలో తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) నిలువుగా గుచ్చొద్దు, చనిపోయినవాళ్లకు అలా పెడతారు. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వండి.

పిలుపులు కూడా నేర్చుకోండి. వాళ్లకూ మనలాగే అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లి వేరు. ఇంటిపేరు ముందు, పేరు తరువాత, అదీ మనలాగే. వాంగ్ అనే ఇంటిపేరున్న యజమానిని వాంగ్ లావ్‌పాన్ అనండి, పొంగిపోతాడు. డ్రైవర్‌ని, మెషిన్ బిగించే మేస్త్రీని షర్‌ఫు అనాలి. ఫ్యాక్టరీలో యజమాని కంటే షర్‌ఫునే మంచి చేసుకోండి. మెషిన్ లోపల ఏముందో చెప్పేది ఆయనే.

సాలిహుండం
అక్షరాలు పూర్తిగా వదిలేయొద్దమ్మా. బోర్డుల వరకు నాలుగైదు చాలు. చదరపు గడి ఒక్కటే ఉంటే అది 'నోరు', ద్వారానికి కూడా అదే. దాని ముందు రెండు కొండలు ఒకదాని మీద ఒకటి పెట్టినట్టు ఉంటే బయటకు దారి. రెండు గీతలు పైన కలిసి గుడారంలా ఉంటే లోపలికి దారి. బాత్రూం దగ్గర పైన నాలుగు గళ్ల కిటికీ ఉన్న అక్షరం మగవాళ్లది, గడులు లేకుండా మూడు గీతలు అల్లుకున్నట్టు ఉన్నది ఆడవాళ్లది. మెట్రోలో ఇంగ్లీషు బోర్డులు ఉంటాయి, హెఫెయ్ ఫ్యాక్టరీల వైపు ఉంటాయని అనుకోకండి.

కాశీబుగ్గ_కోడలు
అన్నీ ఒక పుస్తకంలోకి ఎక్కిస్తున్నాను. చివరగా ఒకటి. నేను ప్రశ్న అడగడం నేర్చుకుంటాను, 'త్వోషావ్ ఛ్యెన్', ఎంత అని. జవాబు గడగడా వచ్చేస్తే ఏం చేయాలి?

టెక్కలి_బండ
అసలు ప్రశ్న ఇది. ప్రశ్న కంటే జవాబులు ముందు నేర్చుకోవాలి. వాళ్ల జవాబులు నాలుగైదు రకాలే. 'ఖ-యి' కుదురుతుంది. 'మెయ్-యౌ' లేదు. 'మెయ్ వన్‌థి' ఇబ్బందేమీ లేదు. 'ఛాపుత్వొ' దాదాపుగా. ఈ ఆఖరిది వినబడితే చెవులు నిక్కబొడుచుకోవాలి. గంటకు ఇన్ని కిలోలు వస్తాయా అని మీరు అడిగారు, ఆయన ఛాపుత్వొ అన్నాడు, దుబాసీ 'వస్తుంది' అన్నాడు. అక్కడ ఆగి, మెషిన్ ఆన్ చేయించి, మీ పప్పు తూకం వేసి పోయించి, గడియారం పెట్టి చూడండి. సంచిలో పప్పు తీసుకెళ్లేది అందుకే కదా.

అర్థం కాకపోతే 'థింగ్ పు తుంగ్' అనండి. నెమ్మదిగా చెప్పమనడానికి 'ఛింగ్ ష్వొ మాన్ యితియెన్'. ధర విన్నాక 'థాయ్ క్వెయ్ ల', చాలా ఎక్కువ. ఇది అనేసి ఊరుకోండి. తరువాత మాట ఆయన్నే అననివ్వండి.

తెల్లకోటు
అక్కా, మీకు వీలైతే రాత్రి తొమ్మిదిన్నరకు గ్రూప్ కాల్ పెడతాను. నేను ధరలు చెప్తూ ఉంటాను, మీరు విని అంకె రాయాలి. రోజూ పావుగంట. చదవడం కంటే దీనివల్లే చెవి తెరుచుకుంటుంది. మరిదిగారినీ కూర్చోబెట్టండి. ఇద్దరికీ వేరువేరు అంకెలు వినబడితే అది ఏదో అక్కడే తేల్చుకోవచ్చు.

కాశీబుగ్గ_కోడలు
తప్పకుండా డాక్టరమ్మా. తొమ్మిదిన్నరకు పిల్లలు పడుకుంటారు. సోమవారం నుంచి పెడదాం.

పార్వతీపురం_నాన్న
మధ్యలో వస్తున్నాను, క్షమించండి. మా అబ్బాయి సెప్టెంబరులో అటు ఎంబీబీఎస్‌కి వెళ్తానంటున్నాడు. కోర్సు ఇంగ్లీషులోనే కాబట్టి భాష అక్కర్లేదని కన్సల్టెన్సీవాళ్లు అంటున్నారు. తెల్లకోటు గారూ, నిజమేనా?

తెల్లకోటు
సగం నిజం అండీ. పాఠాలు ఇంగ్లీషులోనే ఉంటాయి. వార్డులో పేషెంటు ఇంగ్లీషు మాట్లాడడు. ఎక్కడ నొప్పి, ఎప్పటి నుంచి, తగ్గుతోందా, మంటా పోటా, ఇవి వాళ్ల నోటి నుంచి వినాలి. పల్లెల నుంచి వచ్చే ముసలివాళ్లు మాండరిన్ కూడా సరిగ్గా మాట్లాడరు, ఊరి యాసలో చెప్తారు. మంచం పక్కన కూతురో మనవడో ఉంటే వాళ్లు మాండరిన్‌లోకి మారుస్తారు, అప్పుడు మనకు అర్థమవుతుంది. మాండరిన్ రానివాళ్లు గుంపు వెనకాల నిలబడి కేసు షీటు కూడా చదవలేక వెళ్లిపోతారు. డాక్టరు చదువులో అది చాలా పెద్ద నష్టం.

చాలా యూనివర్సిటీలు క్లినికల్‌కి (ఆసుపత్రి శిక్షణకి) వెళ్లేలోపు హెచ్‌ఎస్‌కె అనే చైనీస్ భాషా పరీక్షలో నాలుగో లెవల్ అడుగుతాయి. మీ అబ్బాయి చేరబోయేది ఏమడుగుతుందో రాతపూర్వకంగా తెప్పించుకోండి, కన్సల్టెన్సీ మాట మీద ఉండొద్దు. జాతీయ వైద్య కమిషన్ 2021లో తెచ్చిన నిబంధనలు కూడా మీరే కూర్చుని చదవండి. కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, 12 నెలల ఇంటర్న్‌షిప్ అక్కడే చేయాలి, చదువు ఇంగ్లీషు మాధ్యమంలో ఉండాలి.

సెప్టెంబరు వరకు టైముంది. హెచ్‌ఎస్‌కె మొదటి లెవల్‌కి పాత పద్ధతిలో 150 మాటలు. ఇంట్లో కూర్చుని చేయగలడు. సోమవారం కాల్‌లో బాబుని కూడా కలపండి, అంకెలతోనే మొదలుపెడతాడు.